అధికార నివాసంలో మా అమ్మ

మా అమ్మ పేరు ఈ భూమ్మీద ఒక్కచోటే మిగిలింది, అది కూడా ఎవరికీ కనపడని చోట. చచ్చిపోగానే రేషన్ కార్డులోంచి కొట్టేశారు, ఓటర్ల జాబితాలోంచి తీసేశారు. ఆళ్లగడ్డ రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా సమాధుల దొడ్డి సగం రోడ్డు కిందికి పోయింది. ఆ సగంలో అమ్మ ఉంది. ఆ దారిన బస్సులో పోతుంటే అక్కడికి రాగానే నేను కాళ్లు కొంచెం పైకెత్తి పెట్టుకుంటాను. పక్కన కూర్చున్నవాళ్లు మోకాళ్ల నొప్పులనుకుంటారు.

ఆ మిగిలిన ఒక్క చోటూ నంద్యాలలో మా గుడి నేల. చర్చిని మేం గుడి అనే అంటాం. పెద్ద మిషన్లకు దేనికీ చెందని చిన్న గుడి మాది. కూలికి పోయేవాళ్లు, ఆటో తోలేవాళ్లు, నాలాంటి బడిపంతులమ్మలు ఒకరిద్దరు. నా చిన్నప్పుడు దానికి పేడతో అలికిన మట్టినేల ఉండేది. బండలు పరవాలని పెద్దలు అనుకున్నప్పుడు ఇంటికొక బండ ఇవ్వాలని మాట పెట్టుకున్నారు. ట్రాక్టరులో బేతంచెర్ల బండలు వచ్చాయి. వరికోతల్లో దాచుకున్న కూలితో మా అమ్మ తన పేరు మీద ఒకటి ఇచ్చింది. నాయన పేరు మీద కాదు, తన పేరు మీదే.

ఇచ్చినవాళ్ల పేరు బండ మీద చెక్కించాలి. కానీ పేరును తొక్కకూడదు, ఇచ్చానని చాటుకోనూ కూడదు. అందుకని పేరు చెక్కిన ముఖం కిందికి, నున్నటి ముఖం పైకి వచ్చేట్టు పరిచారు. అమ్మ పేరులో ఉండాల్సిన దీర్ఘాన్ని చెక్కేవాడు మరిచిపోయాడు. నాయన వాడిని పట్టుకుని తిడుతుంటే అమ్మ అడ్డం పోయి, "దేవునికి నా పేరు తెలీదా ఏందీ, పోనీలే" అంది. ఆమెకు చదువు రాదు. బండను బోర్లా వేసేముందు ఒక్కసారి ఆ అక్షరాల గాడిలో వేలు పెట్టి చివరిదాకా నడిపింది. తన పేరు ఎంత పొడుగుందో చూసుకుందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

మాలాంటి చిన్న గుడులు కొన్ని కలిసి తర్వాత ఒక సమాజంగా ఏర్పడ్డాయి. దానికొక అధ్యక్షుడు. మంచి గొంతు, మంచి మాటకారి. ప్రార్థన మొదలుపెడితే రాయి కూడా కరగాలి. మొన్నామధ్య ఎన్నికలు వచ్చిన ఏడాది, ఒక ఆదివారం ఆయన పోటీలో నిలబడిన ఒకాయనను వెంటబెట్టుకుని మా గుడికి వచ్చాడు. బలిపీఠం ముందర నిలబెట్టి నెత్తిన చెయ్యిపెట్టి ప్రార్థించాడు. ఓటు ఎవరికి వెయ్యాలో ఆయన నోరు తెరిచి చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. పైవారం లారీలో టైల్స్ డబ్బాలు దిగాయి.

ఉన్న నేలకు ఏమొచ్చిందని నేను అడిగితే మా సెక్రటరీ నవ్వాడు. ఊరికే వచ్చేదాన్ని వద్దనేవాళ్లుంటారా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పాత బండల సంగతేందని అడిగాను. అవి సమాజం ఆస్తి, సమాజమే చూసుకుంటుందట. మా అమ్మ బండ మాకు ఇచ్చేయమని, తీసుకుపోయి ఇంట్లో పెట్టుకుంటానని బతిమాలాను. మర్నాడు బడి వదిలాక పోయేసరికి గుడి ముందర ట్రాక్టరు టైర్ల గుర్తులు తప్ప ఏమీ లేదు. యాడికి పోయినాయని అడిగితే ఎవరికీ తెలియదు. అందరూ తేలు కుట్టిన దొంగల్లా ఉన్నారు. ఎన్నికల్లో నిలబడినాయన ఓడిపోయాడు. గెలిచుంటే ఏసీలు కూడా వచ్చేవని మావాళ్లు నిట్టూర్చారు.

కొత్త నేల తెల్లగా, అద్దంలా మెరిసేది. మొదటి ఆదివారం ప్రార్థనకు మోకరించగానే కిందనుంచి నా మోకాళ్లకు మోకాళ్లు ఆనించి ఒక మనిషి నన్ను చూస్తోంది. అది నా నీడేనని తెలుసు. తెలిసినా కళ్లు మూసుకోబుద్ధి కాలేదు. చుట్టూ చూస్తే ప్రతి మనిషి కిందా తలకిందులుగా ఒక మనిషి. పాట పాడితే గోడ నుంచి ఒకటి, నేల నుంచి ఒకటి, రెండు గొంతులు తిరిగి వచ్చేవి. ముసలివాళ్లు కొందరు చలిగా ఉందని కుర్చీలు అడిగారు. అది మండు వేసవి. చలి అన్న మాట విని ఎవరూ నవ్వలేదు.

కొన్నాళ్లకు ఆళ్లగడ్డలో ప్రతిష్ఠ ప్రార్థన ఉందని అన్ని గుడులకూ పిలుపు వచ్చింది. మేం జీపు మాట్లాడుకుని పోయాం. ఊరి అంచున జొన్నచేల పక్కన పెద్ద ఇల్లు. గేటుకు 'అధ్యక్షుల వారి అధికార నివాసం' అని బోర్డు, మంత్రి ఇంటికి ఉన్నట్టు. మా చందాల్లో మిగిలింది కొంత, ఓడిపోయినాయన ఎన్నికలప్పుడు పంచగా మిగిలింది కొంత, రెండూ కలిసి లేచిన ఇల్లని జీపులోనే చెవులు కొరుక్కున్నారు. ఎంతో ఎవరికీ తెలియదు. అడగాలని కూడా ఎవరికీ లేదు. తిలాపాపం తలా పిడికెడు.

వరండా పొడుగునా ఆకుపచ్చ తివాచీ పరిచారు. మేం ఆడవాళ్లం అక్కడ కూర్చున్నాం. చెప్పులు బయట విడిచాం. మిట్టమధ్యాహ్నం, బయట గాలి కూడా లేదు. అధ్యక్షుడు లోపల హాల్లో మైకు పట్టుకుని ప్రార్థిస్తున్నాడు. ప్రార్థన సాగేకొద్దీ నడుము పట్టేసి, నేను అరచెయ్యి నేలకు ఆనించి కొంచెం పక్కకు ఒరిగాను. తివాచీ కింద నేల గరుగ్గా తగిలింది. గీతలు. వేలితో నొక్కితే గుండ్రంగా తిరిగి, పైన తలకట్టుతో ఆగింది. అది అక్షరం.

చిన్నపిల్లలకు పలక మీద చెయ్యి పట్టి దిద్దించే దాన్ని నేను, అక్షరం నా వేలికి తెలియకుండా పోదు. తివాచీ మీదనే ఒక్కొక్క అక్షరం దిద్దుకుంటూ పోయాను. ఎవరిదో ఇంటిపేరు. తర్వాత ఒక మగమనిషి పేరు. మా వీధి చివర ఉండి ఎప్పుడో పోయిన ముసలాయనది. పక్కకు జరిగాను. అక్కడ ఇంకో పేరు. మా చుట్టూ ఆడవాళ్లు కళ్లు మూసుకుని ఆమేన్ ఆమేన్ అంటూ ఆ పేర్ల మీద కూర్చుని ఉన్నారు. నేను తివాచీ అంచు పట్టుకుని లేపాను.

మా గుడి బండలే. వెల్లకిలా ఉన్నాయి. కిందికి ఉండాల్సిన పేర్లన్నీ పైకి చూస్తున్నాయి.

అంతలో నా చేతి మీద ఇంకో చెయ్యి పడింది. అధ్యక్షుడి భార్య. నెమ్మదైన మనిషి, సభల్లో ఎప్పుడూ ఒక మాట మాట్లాడగా వినలేదు. తివాచీ మళ్లీ సర్దుతూ నా చెవి దగ్గర, "కప్పిపెట్టు టీచరమ్మా. వెలుతురు తగిలితే లేస్తారు" అంది.

ఆమె తర్వాత వంటింట్లో నాకు నీళ్లిస్తూ జరిగింది చెప్పింది. బండల నున్నటి ముఖం మా మోకాళ్లకు, మా పాదాలకు అరిగిపోయి ఉందట. తాపీమేస్త్రీలు అరిగిన ముఖం కిందికేసి, గట్టిగా ఉన్న ముఖం పైకి పరిచారు. పాత బండలను అట్లా తిప్పడం వాళ్లకు మామూలే. వాళ్లాయన వచ్చి చూసుకునేసరికి సిమెంటు గట్టిపడింది. అందుకే తివాచీ. ఈయన సభలంటూ ఊళ్లు తిరుగుతుంటాడు, పిల్లలు లేరు, తానొక్కతే ఉంటుంది. పనిమనిషి రెండు రోజులు ఊడ్చి మళ్లీ రాలేదట. తాను మాత్రం గోడ వారగా నడిచి దాటుతుందట. చెబుతున్నంతసేపూ ఆమె వరండా వైపు చూస్తూనే ఉంది, అక్కడ ఎవరైనా వింటున్నారేమోనని చూసినట్టు.

నంద్యాలకు వచ్చాక నాకు నిద్ర సరిగా పట్టలేదు. భయం కాదు, కోపం. అమ్మ రోడ్డు కిందికి పోయినప్పుడు చక్రాలు తొక్కుతున్నాయని ఏడ్చాను. ఇప్పుడు పేరును కూడా మనుషులు తొక్కుతున్నారు. ఆ బండ ఎట్లాగైనా తెచ్చుకోవాలని గట్టిగా అనుకున్నాను. సమాజం సర్వసభ్య సమావేశం మా గుడిలోనే జరిగింది. పద్దులు చదివారు. ఎవరికి ఏమి అర్థమైందో దేవుడికి తెలియాలి, అందరూ ఆమేన్ అన్నారు. నేను లేచి మా బండలు అధ్యక్షుల వారి ఇంట్లోకి ఎట్లా పోయాయని అడిగాను. ఎవరి అనుమతితో పోయాయి, ఆ ఇంటికి పెట్టిన సొమ్ము ఎవరిది అని కూడా అడిగాను.

ఆయన కోప్పడలేదు. చిరునవ్వుతో, "మేము దేవునికి లెక్క అప్పజెప్పాల్సిన వాళ్లమమ్మా, మనుషులకు కాదు" అన్నాడు.

"బండలు దేవుడు ఇయ్యలేదయ్యా. మా అమ్మ ఇచ్చింది" అన్నాను.

నేను ఆగాక కూడా నా మాట ఆ కొత్త నేల మీద ఒకసారి తిరిగి వచ్చింది. అమ్మ ఇచ్చింది, అని. వెనక వరుసలో ఒక ముసలామె మా ఆయన కూడా ఇచ్చినాడు అంది. ఇంకెవరో మా అత్త అన్నారు. అధ్యక్షుడు చేతులెత్తి అందరినీ ఊరడించి, అనుమానమున్న వాళ్లు వచ్చి చూసుకోవచ్చని, ఎవరి పేరైనా కనపడితే ఆ బండ వాళ్లు తీసుకుపోవచ్చని మాట ఇచ్చాడు. వచ్చే వారం రమ్మన్నాడు. ఈ వారం ఎందుకు కాదో అప్పుడే నాకు తట్టాల్సింది.

జీపులో పట్టినంతమంది పోయాం. తివాచీ తీసేసి ఉంది. వరండా మొత్తం మిషన్ పెట్టి పాలిష్ కొట్టించారు. ఒక్క అక్షరం లేదు. నున్నగా, నీలిబూడిద రంగులో, నీళ్లు పోసినట్టు మెరుస్తోంది. కుండీల్లోని ఆకుల మీద, కిటికీ ఊచల మీద తెల్లటి రాతిపొడి సన్నగా పేరుకుని ఉంది. ఆ పొడిలో మా అమ్మ ఉంది. పమిట ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను, తర్వాత తప్పనిపించి తీసేశాను. మాతో వచ్చినవాళ్లు వంగి వంగి వెతుకుతున్నారు. చూసుకోండి, పేరు కనపడితే చెప్పండి అని అధ్యక్షుడు తలుపు దగ్గర నిలబడి నెమ్మదిగా అంటున్నాడు.

అప్పుడు ఆయన భార్య లోపలి నుంచి వచ్చింది. మొగుడి వైపు చూడలేదు. గోడ వారగా నడిచి వరండా మొదట్లో ఆగి, మా వెనక వరుస ముసలామెను పిలిచి, "మీ ఆయన ఈడుండాడు" అని ఒక బండ చూపించింది. ఇంకొకామెకు మీ అత్త ఈడ అంది. తడుముకోలేదు, లెక్క పెట్టుకోలేదు, ఇంట్లో పడుకున్న మనుషులను చూపించినట్టు ఒక్కొక్కరినీ పేరు పెట్టి చూపించుకుంటూ వచ్చింది. అధ్యక్షుడు ఆమెను పేరు పెట్టి పిలిచి లోపలికి పొమ్మన్నాడు. ఆమెకు వినపడినట్టే లేదు. నా దగ్గరికి వచ్చి మూలనున్న ఒక బండ ముందర ఆగింది.

"మీ అమ్మ. పేరులో దీర్ఘం పోయింది గదమ్మా. నేను పిలిచేటప్పుడు కలిపే పిలుస్తాండా."

నేను అక్కడే కూర్చున్నాను. అరచెయ్యి బండ మీద పెట్టాను. చల్లగా ఉంది. వేలికి ఏమీ తగల్లేదు. చెక్కిన అక్షరాలు చదివినా, అక్కడ దీర్ఘం ఉండాలని ఇప్పుడు నాకు, మా చెల్లెలికి తప్ప ఎవరికీ తెలియదు. నాకు ఏడుపు ఆగలేదు.

ఒక్క బండ కోసం గొడవ ఎందుకమ్మా, తీసుకుపో అన్నాడు అధ్యక్షుడు. ఆయన గొంతు మొదటిసారి కొంచెం తడబడింది. మావాళ్లు గడ్డపార తెచ్చారు. మిగిలినవాళ్లలో ఎవరూ తమ బండ అడగలేదు. పేరు లేనిదాన్ని ఏం చేసుకుంటామన్నారు కొందరు, అయ్యగారితో పగ ఎందుకన్నారు కొందరు. గడ్డపార అంచు కిందికి పోతుండగా ఆయన భార్య వచ్చి నా భుజం పట్టుకుంది. మిగతా అందరినీ తీసుకుపొమ్మంది, మా అమ్మను మాత్రం వదిలిపెట్టమంది. మధ్యాహ్నం పూట తనతో మాట్లాడేది ఈమొక్కతేనట.

నేను తెచ్చుకున్నాను. నా తల్లి, నేను తెచ్చుకున్నాను. జీపు గేటు దాటుతుంటే వెనక్కి చూస్తే, ఆమె బండ లేచిన గుంత పక్కన కూర్చుని లోపలికి చూస్తోంది.

ఇల్లు ఆయనదే, పదవీ ఆయనదే. లెక్క ఇంతవరకు ఎవరూ చెప్పలేదు, నేను అడగడమూ మానలేదు. బండ ఇప్పుడు మా ముందుగదిలో గోడకు ఆనించి ఉంది. బడి లేని రోజుల్లో మధ్యాహ్నం ఆళ్లగడ్డ నుంచి ఫోను వస్తుంది. బాగున్నావా అని కూడా అడగదామె. మీ అమ్మ ఉందా అంటుంది. ఉందని చెప్తాను. ఒక్క నిమిషం ఇయ్యమంటుంది. నేను ఫోను తీసుకుపోయి బండ పక్కన పెట్టి, లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంటాను.