గుబ్బల టైర్లు, బాపు గాలి

సైకిల్ టైర్ల మీద మా గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలన్నీ చదివినవాణ్ని నేను (ఉన్నవి రెండే, అయినా చదివాను కదా). వాటిలో ఎక్కడా లేని సంగతి ఒకటి నా మోకాళ్లకు తెలుసు. ఇంకొకరి మోకాళ్లు చిట్లకూడదని ఇది రాసిపెడుతున్నాను.

ఆ రోజుల్లో నాకు అలసట పనిలో కాదు, దారిలోనే వచ్చేసేది. ఇల్లు జహనుమాలో. కొత్త ఉద్యోగం రైలు పట్టాల వెంబడి పోయే కంకర బాట చివర, ఒక గోదాములో. ఆ రాళ్లు చక్రం కింద గోలీల్లా దొర్లేవి. సన్న టైర్లతో పడ్డాను. వెడల్పు టైర్లు వేయించి పడ్డాను. చివరికి శాలిబండ సైకిల్ దుకాణంలో, బొడిపెలు తేలిన గుబ్బల టైర్లకు వచ్చాను. "గాలి తక్కువుండాలె భాయ్, మెత్తటి టైరే రాయిని పట్టుకుంటది" అని దుకాణం భాయ్‌కి పాఠం చెప్పాను. "సహీ బాత్, కితాబ్ భాయ్! మరి కింద పడుడు గూడ పుస్తకంల ఉన్నదా?" అని నవ్వాడాయన.

రోజూ రాత్రి బొటనవేలితో నొక్కి చూసి, పుస్తకం చెప్పినంత గాలి వదిలేవాణ్ని (పొద్దున మళ్లీ నొక్కే తీరిక ఎవరికుంది?). తెల్లారితే మళ్లీ పడటమే. గోదాము పెద్దసారు విసిగిపోయాడు. "ఏందివయా, రోజు లేటు, రోజు నెత్తురు! రేపు గూడ గిట్లనే వస్తే ఇగ ఇంటికాడ్నే ఉండు."

ఆ భయంతో మర్నాడు చీకటితోనే లేచాను. వాకిట్లో ఫస్స్, ఫస్స్ అని చప్పుడు. చూస్తే బాపు, మా నాన్న! స్నానం చేసి, విభూతి పెట్టుకుని, నా సైకిల్‌కు పంపు కొడుతున్నాడు. దేవుడికి దీపం, సైకిల్‌కు గాలి, ఆయనకు రెండూ పొద్దుటి పనులేనట.

"ఏం చేస్తున్నవ్ బాపూ?"

"కనవడ్తలేదా? రోజు గాలి దిగుతుంది బిడ్డా. నేను కొట్టకపోతే గా కంకరల ఎట్ల పోతవ్? నీ దుకాణపోడు దగా చేసిండు, అడుగు పో."

చదివిందంతా గొంతుదాకా వచ్చింది. ఆయన నుదుటి మీద విభూతి చెమటకు కారిపోతోంది. "అడుగుత బాపూ" అని బయలుదేరి, మలుపు తిరిగాక కూర్చుని సగం గాలి వదిలాను. ఆ రోజు పడలేదు. పెద్దసారు గడియారం చూసి, నన్ను చూసి, "ప్యాంటు కొత్తదా?" అన్నాడు. ఉద్యోగం నిలబడింది. ఆ తర్వాత రోజూ బాపు గాలి కొట్టడం, నేను మలుపులో వదలడం.

ఇప్పుడా బాటకు తారు పడింది. నిండు గాలి ఉంటేనే బండి సాగుతుంది. బాపు చేతుల్లో ఆ బలం లేదు. నేనే కొడుతూ, సగానికే ఆయాసపడి, అంత గాలిని మలుపులో పారబోసిన ఆ కుర్ర పండితుణ్ని తలుచుకుని నవ్వుకుంటాను.

పుస్తకాలిచ్చిన లైబ్రరీ అక్కకు, దగాకోరు పేరు మోసిన దుకాణం భాయ్‌కు, ఒక్క రోజు ఓపిక పట్టిన పెద్దసారుకు కృతజ్ఞతలు. బాపుకు మాత్రం ఇక్కడే చెప్పుకుంటాను. ఎదురుగా చెబితే ఎందుకని అడుగుతాడు.