పుట్టగొడుగు పోగొట్టిన మార్కు

ఆ కాలేజీ మెట్లెక్కుతుంటేనే నెహెమ్యాకి రోత పుడుతుంది. నందిగామలో హైవే పక్కన, కిటికీలు మూసేసిన నాలుగంతస్తుల డబ్బా అది. అయినా ఇరవై రెండేళ్లుగా కంచికచర్లలో పొద్దున్నే బస్సెక్కి వచ్చి, ఇంటర్ పిల్లలకి బోటనీ చెబుతున్నాడు. తనని అమ్మానాన్నలు కూలికెళ్లి చదివించిన చదువు. దాన్ని అడ్డగోలుగా చెప్పడం ఆయనకి చేతకాదు.

జీవరాజ్యాల పాఠమొస్తే చాలు, గడ్డివాము దగ్గర మొలిచిన పుట్టగొడుగుని చేతిరుమాల్లో కట్టుకొస్తాడు. "నేలలో మొలిచిందల్లా మొక్క కాదర్రా. దీనికి పత్రహరితం లేదు, సొంతంగా వండుకోలేదు. కుళ్లినదాన్ని తిని బతుకుద్ది. అందుకే శిలీంధ్రాలకి వేరే రాజ్యం ఇచ్చారు" అంటాడు.

అక్కడ పిల్లల్ని కూడా వర్గీకరిస్తారు, వారం వారం. ఆదివారం పరీక్ష, సోమవారం గోడ మీద జాబితా, మార్కుల్ని బట్టి సెక్షన్. పై సెక్షన్‌కి పాఠాలు చెబుతారు. కింది సెక్షన్‌ని ఓ గదిలో కుక్కేసి చదువుకోమంటారు. ఛీ, సంతలో గొర్రెల్ని కూడా ఇంతకన్నా మర్యాదగా ఏరతారు.

ఆ వారం వచ్చిన బిట్టు: పుట్టగొడుగు ఏ రాజ్యానికి చెందుతుంది? హెడ్డాఫీసు పంపిన కీలో జవాబు, వృక్షరాజ్యం. వీరులపాడు నుంచి వచ్చే రూబీ, డాక్టర్ చదువు మీద ప్రాణం పెట్టుకున్న పిల్ల, మాస్టారు చెప్పినట్టే శిలీంధ్రాలని పెట్టింది. ఆ ఒక్క మార్కు తగ్గి కింది సెక్షన్‌లో పడింది.

నెహెమ్యా పాఠ్యపుస్తకం తీసుకుని ప్రిన్సిపాల్ భవానీప్రసాద్ గదికెళ్లాడు. ఆయన పుస్తకం వంక చూడనైనా లేదు. కీ మారిస్తే అన్ని బ్రాంచీల్లోనూ జాబితాలు మార్చాలట. పేరెంట్స్‌కి మెసేజ్‌లు కూడా వెళ్లిపోయాయట.

"పుట్టగొడుగు ఏ రాజ్యంలో ఉంటే మనకేంటండీ మాస్టారూ? కీ ప్రకారం పోండి" అన్నాడు ఇడ్లీ నములుతూనే. ఆ మూతికంటిన చట్నీ చూడలేక నెహెమ్యా పుస్తకం మూసుకుని బయటికొచ్చేశాడు.

మధ్యాహ్నం రూబీ స్టాఫ్‌రూమ్‌కి వచ్చింది. ఏడుస్తుందేమో, ఏం చెప్పి ఓదార్చాలా అనుకున్నాడాయన. ఆ పిల్ల ఏడవలేదు. నోట్సు తెరిచి పెన్ను పట్టుకుంది.

"సార్, రివిజన్ టెస్టులో ఇవే బిట్లు మళ్లీ ఇస్తారంట. ఏది కరెక్టో నాకొద్దు సార్. కీలో ఏముంటే అదే పెట్టేస్తా. ఇలాంటి తప్పులు ఇంకా ఏమేం ఉన్నాయో చెప్పండి."

చెప్పకపోతే ఆ పిల్ల కింది సెక్షన్ గదిలోనే ఉండిపోతుంది. అంతవరకూ కాలేజీ మీదున్న రోతంతా నెహెమ్యాకి తన మీదికి తిరిగింది. కీ కాగితం దగ్గరకి లాక్కుని, తప్పు జవాబులు ఒక్కొక్కటే చదివి వినిపించాడు. రూబీ శ్రద్ధగా రాసుకుంది, రెండోది సరిగ్గా వినపడలేదని మళ్లీ చెప్పించుకుని మరీ.