బావా, ఇయ్యాల జవాబియ్యకు

మొన్న నిజామాబాదులో కళ్ళు చూపించుకొని ఆర్మూరుకు తిరిగి వస్తున్న బస్సులో, నా పక్క సీటులో కూర్చున్న కాలేజీ అమ్మాయి సెల్‌ఫోనులో ఏదో హాస్య కార్యక్రమం చూస్తూ ఉంది. చెవుల్లో పెట్టుకునేవి ఇంట్లో మరిచిపోయి వచ్చినట్టుంది, సగం బస్సుకు వినబడుతోంది. ఎవరో పాతికేళ్ళ కుర్రవాడు, ఒక్కడే, మైకు పట్టుకొని తన ఇంటి యజమాని మీద, హాస్టలు కూరల మీద జోకులు వేస్తున్నాడు. వేస్తూ వేస్తూ, గొంతు మార్చకుండానే, తనకు చాలాకాలం మంచం మీది నుంచి లేవబుద్ధి కాలేదనీ, నల్లా తిప్పి పెట్టి స్నానాల గదిలో ఏడ్చేవాడిననీ, చివరికి ఒక స్నేహితుడు చెయ్యి పట్టుకొని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడనీ, ఇప్పటికీ గోళీలు వేసుకుంటున్నాననీ చెప్పాడు. హాల్లో కొందరు అలవాటుగా నవ్వబోయి ఆగిపోయారు. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. ఆ తరువాత మెల్లగా చప్పట్లు వినబడ్డాయి.

కండక్టరు అటు వంగి, "ఏందమ్మా గది, నవ్విపిస్తడనుకుంటె ఏడిపిస్తుండు, బంద్ చెయ్యరాదూ" అన్నాడు. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. బస్సు అప్పుడు మాక్లూరు దాటుతోంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ ఊరి రోడ్డును నేను ఇన్నేళ్ళుగా కళ్ళు మూసుకొనే దాటుతున్నాను, ఆ రోజు మాత్రం మూసుకోలేకపోయాను.

నా ఈడు వాళ్ళలో, ఈ ప్రాంతం వాళ్ళలో, మా బావ-బామ్మర్ది ప్రోగ్రాం చూసినవారు ఇంకా ఉండే ఉంటారు. ఎండాకాలం పెళ్ళిళ్ళలో, గణపతి పందిళ్ళలో మేమిద్దరం రెండు మైకులు పట్టుకొని నిలబడేవాళ్ళం. ఆయన నిజంగానే నా బామ్మర్ది, నా భార్యకు తోడబుట్టిన తమ్ముడు. నా పెళ్ళినాడు బువ్వబంతిలో నా పక్కన కూర్చొని నేను అన్నం కలిపే తీరును, మా మేనమామ మూతి తుడుచుకునే తీరును అట్లే చేసి చూపిస్తే పందిరంతా పొట్ట పట్టుకొని నవ్వింది. నేను ఊరుకోకుండా ఏదో ఎదురు జవాబిచ్చాను, దానికి ఇంకా నవ్వారు. అంతే, మా ప్రోగ్రాం అక్కడే పుట్టింది. పగలు నేను ఆర్మూరులో రైతుల పసుపు అమ్మిపెట్టే ఒక ఆడ్తి దుకాణంలో గుమాస్తాను, ఆయన పసుపు ఉడికించే కడాయిల దగ్గర కూలి. సీజను అయిపోయి రైతుల ఇళ్ళలో పెళ్ళిళ్ళు మొదలైతే ఇద్దరం కళాకారులం.

మాకున్న నియమం ఒక్కటే. ఆయన ఏదన్నా నేను ఎగతాళి చేయాలి. బావ-బామ్మర్దుల నడుమ ఏ మాటా నిజం మాట కాకూడదన్నది మన దగ్గర అందరికీ తెలిసిన మర్యాదే గదా. మీలో చాలామందికి అట్లాంటి బామ్మర్దులు ఉండే ఉంటారు. జ్వరమొచ్చిందంటే పెళ్ళాన్ని చూసి వచ్చిందా అంటాం, కాలు విరిగిందంటే ఇంకోటి బాగుంది కదా అంటాం. మేము ఆ మర్యాదను స్టేజీ ఎక్కించి బతికాం. చివరికి స్టేజీ దిగిన తరువాత కూడా మాకు వేరే భాష లేకుండా పోయింది.

ఒక ఏడు, పసుపు ఉడికే రోజుల్లో, ఆయన భార్య కాన్పులో పోయింది. బిడ్డ కూడా దక్కలేదు. ఊరంతా ఆ ఉడుకు వాసన, చేలల్లో ఎక్కడ చూసినా పొగ, ఆ పొగలోనే మేము ఆమెను తీసుకుపోయాం. ఆయన ఏడవలేదు. అప్పటికే కమ్మర్‌పల్లిలో ఒక పెళ్ళికి ఒప్పుకొని ఉన్నాం. నా భార్య వద్దంటూనే ఉంది, నేనే ఆయనను బయలుదేరదీశాను. నవ్విస్తుంటే మరిచిపోతావని చెప్పాను. మనసారా నమ్మే చెప్పాను. ఆ రోజు ఆయన ఎప్పుడూ నవ్వించనంతగా నవ్వించాడు, నేను చెప్పిన మందు పనిచేసిందనుకున్నాను.

ఆ తరువాత కొన్ని సంగతులు నా కంటబడ్డాయి. కంటబడ్డాయనే అంటున్నాను, నేను చూడలేదు. ప్రోగ్రాంకు ముందు తినడం మానేశాడు. ముఖానికి రాసుకున్న పౌడరు కడుక్కోకుండానే ఇంటికి పోయేవాడు, మరునాడు కడాయిల దగ్గరికి కూడా ఆ ముఖంతోనే వచ్చేవాడు. మనం ఒక మాట అంటే అది చాలా దూరం నుంచి వచ్చినట్టు కాసేపటికి తల తిప్పేవాడు. తోటి కూలీలు దాన్ని కూడా వేషమనుకొని నవ్వేవారు.

ఒక మధ్యాహ్నం దుకాణానికి వచ్చి బస్తా మీద కూర్చున్నాడు. నేను మహారాష్ట్రలోని సాంగ్లీ బజారుకు పంపే శాంపిలు కోసం పసుపు కొమ్ములు విరిచి చూస్తున్నాను. హమాలీలు అన్నాలు తిని నీడకు కూర్చున్నారు. ఆయన తల వంచుకొని అన్నాడు: "బావా, నాకు లోపల మంచిగ లేదే. నిద్ర పడ్తలేదు. పొద్దుగాల లేస్తె, ఎందుకు లేసిన అనిపిస్తున్నది."

నేను కొమ్ము మీది నుంచి చూపు తిప్పకుండానే, "గీ బస్తా మీదనే పండుకో, హమాలీలు పసుపే అనుకొని లారీల ఏస్తరు, సాంగ్లీల లేస్తవ్" అన్నాను. హమాలీలు పడీపడీ నవ్వారు. ఒకతను, "సాంగ్లీల సేటు ఈన్ని కొంటడా, పచ్చిగున్నడు" అన్నాడు. మా బామ్మర్ది కూడా నవ్వాడు. నేను అక్కడితో ఆగి ఉన్నా బాగుండేది. "మంచిగుందిరా, గిది ఐటంల పెడ్దాం" అన్నాను.

పెట్టాం. ఏర్గట్లలో మొదటిసారి చెప్పాడు, పందిరి కూలిపోయినంత నవ్వు. ఆ తరువాత ఎక్కడికి పోయినా గా నిద్ర పట్టని ఐటం చెప్పుమని అడిగేవారు. ప్రతిసారీ ఆయన ఒక కొత్త మాట కలిపేవాడు, అది ముందరి మాటకంటే నల్లగా ఉండేది. ఇంట్లో ఇంకా అన్నానికి రెండు గిన్నెలు పెట్టుకుంటున్నాననేవాడు. కడాయిలోకి చూస్తుంటే రమ్మని పిలిచినట్టుంటదనేవాడు. నేను పోతె ఎవరన్నా ఏడుస్తరా అనేవాడు. నేను, పోయేముందు నీ సైకిలు నా పేర రాసి పో అనేవాడిని. ఇప్పుడు తలుచుకుంటే, ఆ మాటలు చెప్పుకోవడానికి ఆయనకు ఆ మైకు తప్ప మరో చోటు నేను మిగల్చలేదని తెలుస్తోంది. అప్పుడు మాత్రం బామ్మర్ది పదును తేలుతున్నాడని గర్వపడ్డాను.

నా భార్య ఒక్కతే భయపడింది. ఒక ప్రోగ్రాంకు వచ్చి, ముందు వరుసలో కూర్చొని, అందరూ నవ్వుతుంటే కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంటికి వచ్చాక, "గవి ఆట మాటలు కావు. వాన్ని జర కూసుండబెట్టి అడుగుండ్రి" అంది. స్టేజీ మీది మాటలు పట్టుకొని ఇంట్లో ఏడిస్తే ఎట్లా అని నేనే ఆమెను కసిరాను. ఆమె మళ్ళీ అడిగింది. నేను మళ్ళీ కసిరాను.

మాక్లూరు పెళ్ళి ఎండలు ముదిరిన రోజుల్లో జరిగింది. పట్టపగలు, బంతులు ఇంకా లేవలేదు. ఆయన ఉతికిన అంగీ వేసుకొని, ముఖానికి పౌడరు లేకుండా వచ్చాడు. మామూలు ఐటంలు అయ్యాక జనం నిద్ర పట్టని ఐటం అడిగారు. ఆయన మైకు నోటికి దగ్గరగా తెచ్చుకొని నా వైపు తిరిగాడు.

"బావా, ఇయ్యాల జవాబియ్యకు. నేను చెప్పేది ఒక్కసారి ఇను."

అందరి ముఖాలూ నా వైపు తిరిగాయి, పెదవుల మీద నవ్వు సిద్ధంగా పెట్టుకొని. అట్లాంటి ముఖాలు ఎదురుగా ఉంటే ఊరుకోవడం ఎట్లాగో నాకు తెలియదు. "ఇననీకి నాకేమిస్తవ్రా" అన్నాను.

ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఆయన కాసేపు నన్ను చూశాడు, మైకును కుర్చీలో పండబెట్టినట్టు పెట్టాడు, పందిరి వెనక నుంచి దిగిపోయాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను, బామ్మర్ది అన్నం కాడికి ఉరికిండని చెప్పి ఇంకోసారి నవ్వించాను. ఆ తరువాత బంతిలో కూర్చొని అన్నం కూడా తిన్నాను. చెయ్యి కడుక్కొని సామాను సర్దుకుంటుంటే స్టేజీ పక్కన ఆయన చెప్పులు కనబడ్డాయి. ఆ ఎండలో వట్టి కాళ్ళతో పోయాడని అప్పుడు తెలిసింది.

రోడ్డు మీది హోటలుకు పరుగెత్తి, మా బామ్మర్ది ఇటు పోయాడా అని అడిగాను. చాయ పోస్తున్నతను పోయడం ఆపి నవ్వాడు. "ఏందన్నా, కొత్త ఐటమా? బామ్మర్ది పోతె ఫికర్ చేసే బావను ఇయ్యాలనే సూస్తున్న."

"నిజంగనే అడుగుతున్ననే, నీ దండం పెడ్త."

బెంచీల మీద వాళ్ళు ఇంకా నవ్వారు. స్టేజీ మీద నేను దండం పెట్టే తీరు వాళ్ళకు తెలుసు. బస్సు కోసం నిలబడ్డ వాళ్ళను అడిగాను, చెరువు దిక్కు నుంచి వచ్చే గొల్లలను అడిగాను, ఎవరిని అడిగినా ముందు నవ్వి, తరువాత నా వెనక ఆయన ఎక్కడ దాక్కున్నాడా అని తొంగి చూశారు. నా కళ్ళలో నీళ్ళు వస్తే, మస్తు చేస్తున్నవన్నా అని ఒకతను భుజం తట్టాడు. పొద్దు గూకేదాకా ఆ రోడ్డు మీద ఒక్క మనిషి కూడా నా మాట నమ్మలేదు.

నమ్మిన తరువాత బావులు వెతికారు, చెరువులు వెతికారు, దవాఖానలు తిరిగాం. ఏమీ దొరకలేదు. భివండిలో మగ్గాల దగ్గర చూశామని ఒకరు, బొంబాయి బస్సు ఎక్కడం చూశామని ఒకరు చెప్పారు. పోయి వచ్చాను, ఆయన కాదు. నా భార్య తమ్ముడికి కర్మ చేయనివ్వలేదు, ఈనాటికీ చేయనివ్వదు. పెద్దలు అడగడం మానేశారు.

బస్సు దిగి ఇంటికి పోయిన ఆ సాయంత్రం, ఇన్నేళ్ళుగా ఆమెకు చెప్పని దుకాణం సంగతి చెప్పాను, బస్తా మీద కూర్చొని ఆయన అన్న మాట, నేను ఇచ్చిన జవాబు. ఆమె చింతపండు గింజలు తీస్తూ వింది. "నాకు సెప్పలేదు వాడు. మీకే సెప్పిండు" అంది. ఆమె ఇంకేదన్నా అంటుందని నేను ఈనాటికీ ఎదురు చూస్తున్నాను.

ఇప్పటి పిల్లలకు లోపలి బాధకు పేర్లు తెలుసు, చూపించుకునే డాక్టర్లు తెలుసు, అన్నిటికంటే ముఖ్యంగా ఎదురుగా కూర్చున్న వాళ్ళకు ఊరుకోవడం తెలుసు. ఆ ఫోనులో వినబడిన కాసేపటి నిశ్శబ్దం మా కాలంలో ఎవరి దగ్గరా లేదు, నా దగ్గర అసలే లేదు. ఉండి ఉంటే మా బామ్మర్ది ఆ రోజు ఏం చెప్పాలనుకున్నాడో నాకు తెలిసేది. ఎంత తలుచుకున్నా ఆ మాట ఎట్లా మొదలయ్యేదో కూడా నేను ఊహించుకోలేకపోతున్నాను.

ఉంటే ఆయనకు అరవై దాటి ఉంటుంది. ఎడమ కనుబొమ్మ మీద కడాయి నీళ్ళు చింది కాలిన మచ్చ ఉంటుంది, ఎవరినైనా ఒక్కసారి చూస్తే అట్లే చేసి చూపిస్తాడు. ఏ ఊళ్ళోనైనా, ఏ హోటలు బెంచీ మీదనైనా అట్లాంటి ముసలాయన మీకు తారసపడి, నిద్ర పట్టడం లేదని అంటే, మీరు నవ్వకండి. కాళ్ళకు చెప్పులు ఉన్నాయో లేదో చూడండి. పక్కన కూర్చోండి.