పదకొండు ఒకట్లు

మొన్న మనవరాలి చేత ఫోనులో పదకొండు ఒకట్లు వరసగా కొట్టించి, శేషం లేకుండా దీన్ని భాగించేవి ఏమైనా ఉన్నాయేమో చూడమన్నాను. రెప్ప వేసేలోగా రెండు సంఖ్యలు చూపించింది. మొదటిది 21649. "అమ్మమ్మా, ఏడుస్తన్నావేటి?" అంది పిల్ల. ఆ సంఖ్య నాకు అరవై ఏళ్లకు పైగా కంఠతా వచ్చు.

మా అక్క భర్త, మా బావ, కాశీబుగ్గలో లెక్కల మేష్టారు. యాభైల్లో క్షయ పట్టుకుని బడి మానేశారు. జీడిగింజలు కాల్చే పొగ ఇంట్లోకి వచ్చేది, ఆయన దగ్గుతూ ఉండేవారు. అందరూ మంచం మీద రామకోటి రాసుకుంటారు, ఆయన మాత్రం ఈ సంఖ్యని పట్టుకున్నారు. దీన్ని భాగించేది ఏదైనా ఉందా, లేక ఇది దేనికీ లొంగదా అన్నది తను పోయేలోగా తేలాలి. గుడ్డిగా వెతకలేదు లెండి. ఇరవైరెండుతో భాగిస్తే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్యలకి తప్ప ఇంక దేనికీ లొంగదని ముందే తేల్చుకున్నారు. అయినా లక్ష దాటేదాకా వెయ్యికి దగ్గర భాగహారాలు. "ఒక్కటి దొరికితే సాలు మరదలా, పలక కడిగించేసి కళ్లు మూసుకుంటాను" అనేవారు.

ఆయన చేతులు వణికేవి. అందుకని ఆయన సంఖ్య చెబితే అక్క పలక మీద భాగించి, శేషం నోటుబుక్కులో ఎక్కించేది. అయిదో తరగతితో చదువాపేసిన మనిషి, భాగహారంలో మాత్రం హైస్కూలు పంతుళ్లు కూడా ఆమె ముందు దిగదుడుపే. నేను హరిశ్చంద్రపురంలో పంతులమ్మని. శనివారం రైలెక్కి వచ్చి, ఆయనకి గంజి పట్టి, ఆ వారం శేషాలు చదివి వినిపించేదాన్ని. విని, దగ్గి, గుడ్డకంటిన నెత్తురు మడతలో దాచుకుని, మళ్లీ మొదలుపెట్టేవారు. శ్రావణంలో మొదలైన పని. లక్ష ఇంకా చాలా దూరం ఉండగానే ఫాల్గుణంలో పోయారు. "తరవాతది సెప్పనా?" అన్నదే ఆఖరి మాట.

పెద్దకర్మ అయ్యాక, మిగిలింది నేనైనా పూర్తి చేద్దామని, ముందు అక్క చేసినవి సరిచూడటం మొదలుపెట్టాను. 21649 దగ్గర నాకు శేషం సున్నా వచ్చింది. మూడుసార్లు చేశాను, సున్నాయే. నోటుబుక్కులో మాత్రం, మార్గశిరం చివరి పేజీలో, అక్క చేతిరాతతో శేషం ఒకటి అని ఉంది. తీసుకెళ్లి అక్క ముందు పెట్టాను.

"సున్నాయే వచ్చిందే" అంది. "మనిషి మంచమ్మీదుంటే సున్నా ఎలా రాత్తాను? సదివింపులకైనా వంద ఇవ్వం, పక్కన పదహారు పెడతాం గదా. అందుకే ఓ ఒకటి ఏసీసాను. తప్పేటి?"

కోపంతో ఒళ్లు మండిపోయింది. మార్గశిరంలోనే తేలిపోయిన దానికోసం ఆయన ఫాల్గుణం దాకా ఊపిరి బిగబట్టుకుని సంఖ్యలు చెబుతూనే ఉన్నారు. తిట్టబోయి ఆగాను. దొరికితే కళ్లు మూసుకుంటానన్న మాట నాతోపాటు అక్క కూడా వింది.

అక్క పోయి కూడా చాలా ఏళ్లయింది. ఫోనుకి రెప్పపాటు పట్టిన ఆ లెక్కలో, ఆ మూడు నెలలూ అక్క ఆయనకి ఇచ్చిందో, ఆయన దగ్గర లాక్కుందో మాత్రం నాకు ఈ వయసుకీ తేలలేదు.