ఆ ముఖం చెరిపేయండి

ఆరేళ్లపాటు సుకుమార్ గీసిన కార్టూన్లు ఒక చిన్న పత్రికలో వేరొకరి పేరుతో అచ్చయ్యాయి. బూర్గంపాడులో సైన్‌బోర్డులు రాసుకునే మనిషి. పత్రికాయన ఇప్పించే గోడరాతల పని పోతుందని నోరు మెదపలేదు. 2008లో భద్రాచలంలోని నెట్ సెంటర్‌లో బ్లాగు తెరిచాకే బొమ్మ కింద తన పేరు రాసుకున్నాడు.

రాష్ట్ర సరిహద్దు అవతలి గొడవలకు భయపడి వచ్చిన కుటుంబాలు అడవి అంచున గుడిసెలు వేసుకున్నాయి. వాళ్లను వెళ్లగొట్టాలని ఎవరో అక్కడి బోరింగు హ్యాండిల్ ఊడదీసుకుపోయారు. సుకుమార్ దాన్నే గీశాడు. తెల్లచొక్కా నాయకుడు ఆ హ్యాండిల్‌ను చేతికర్రలా పట్టుకుని అభివృద్ధి గురించి ఊదరగొడుతుంటాడు. ఎదురుగా ఖాళీ బిందెతో ఆ గుడిసెల్లో ఉండే జంపక్క. నాయకుడి ముఖం కల్పించాడు గానీ, జంపక్కను ఉన్నదున్నట్టు దింపాడు. ఫొటో చూసి పోలిక దింపడమే ఇన్నేళ్లూ అతనికి కూడు పెట్టింది. ఆమె ముఖం మీది పచ్చబొట్టు కూడా వదల్లేదు. అదెలా ఉంటుందో ఇక్కడ రాయడం లేదు.

బొమ్మ మెయిళ్లలో ఢిల్లీ దాకా పోయింది. వారం తిరగకముందే సంతలో ఇద్దరు మనుషులు దాని ప్రింటు చూపించి, ఈమెది ఏ గుంపు, అంటే ఏ గూడెం అని అడిగారు. ఆ మాట మోసుకొచ్చింది భార్య మరియ.

"పోలిక మంచిగ కుదిరిందని మురిసినవ్ గదా. వాళ్లకు గూడ కుదిరింది."

సుకుమార్ వంతెన దాటి భద్రాచలం పోయి బ్లాగులోంచి బొమ్మ తీసేశాడు. నెట్ సెంటర్ నడిపే ఆరాధన తల అడ్డంగా ఊపింది.

"మీరు తీసిండ్రు సార్. దాసుకున్నోళ్ల కాడ ఎట్ల తీస్తరు?"

అటునుంచి అటే గుడిసెలకు పోయాడు. జంపక్క వాగు ఇసుకలో చెలమ తోడుతోంది. సంగతి విని తోడడం ఆపింది.

"నా మొకమెందుకు పెట్టినవన్నా? బిందె పెడితే సాలదా?"

"నాల్గు దినాలు మా ఇంట్ల ఉండు, పా."

"నేనొస్త సరే, పిల్లలకు నీళ్లెవరు తోడుతరు?"

ఆమె రాలేదు. సంతకు పోవడమూ మానేసింది. అక్కడ అమ్మే ఇప్పపువ్వు పక్కవాళ్లతో పంపుతోంది. బండి చప్పుడైతే చాలు, సుకుమార్ కుంచె ఆగిపోతుంది. ఆమె ముఖాన్ని బిందె చాటున దాచి బొమ్మ మళ్లీ గీశాడు. కానీ పాతది ఇంకా తిరుగుతూనే ఉంది.

జంపక్క ఆమె అసలు పేరు కాదు. ఆ మొదటి బొమ్మ మీ మెయిల్‌లో, కంప్యూటర్‌లో ఉంటే ఈ రోజే చెరిపేయండి. ఎవరికి పంపారో వాళ్లకూ చెప్పండి. ముఖం లేని బొమ్మనే పంచండి. బోరింగుకు హ్యాండిల్ బిగించమని కలెక్టరుకు ఒక కార్డు రాయండి. అందులో ఎవరి పేరూ వద్దు, నీళ్లడిగితే చాలు.