పురిటికొచ్చిన నత్తకొంగలు

మా చిన్నప్పుడు... మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడగానే మా వీధి చివరి చింతతోపు తెల్లబడిపోయేది. పొద్దున లేచి చూస్తే కొమ్మకొమ్మకీ కొంగలే! శ్రీకాకుళం దగ్గర మా ఊరు. తోపు పక్కన చెరువు, చెరువు కింద మా మళ్లు. ఆ కొంగల్ని మేం నత్తకొంగలు అనేవాళ్లం. ముక్కు మూసుకున్నా మధ్యలో చిన్న సందు ఉంటుంది వాటికి, నత్తని పట్టుకోవడానికి.

ఊరంతా వాటిని ఆడపడుచులనే అనేవారు. పురిటికి పుట్టింటికి వచ్చాయి కదా మరి! వచ్చిన రోజు మా నానమ్మ చెంబుతో పసుపు నీళ్లు తీసుకెళ్లి చెట్ల మొదట్లో పోసి, "ఒచ్చినారా అమ్మా... సల్లగా కని ఎల్లండి" అని తలెత్తి పలకరించేది. అవి ఉన్నన్నాళ్లూ తోపులో ఎవరూ కొమ్మ కొట్టకూడదు. దీపావళికి టపాసు పేల్చకూడదు, పిల్లలం ఎంత ఏడ్చి మొత్తుకున్నా సరే.

శ్రావణంలో గుడ్లు. భాద్రపదంలో పిల్లల గోల, వీధంతా నీచు కంపు. మార్గశిరం వచ్చేసరికి రెక్కలొచ్చిన పిల్లల్ని వెంటేసుకుని వెళ్లిపోయేవి. ఆ చలికాలమంతా చెరువులో ఎక్కడెక్కడి బాతులో దిగేవి... ఎండలు ముదిరితే అవీ లేవు, చెరువు నెర్రెలిచ్చేది. నెలల పేర్లు నాకు బడిలో రాలేదు, ఆ గట్టు మీద కూర్చుంటే వచ్చాయి.

ఇంకో ఆచారం ఉండేది. గూట్లోంచి పిల్ల పడిపోతే, ఎవరి కంటబడితే ఆ ఇంటివాళ్లే సాకాలి. అరవైల చివర్లో, నా తొమ్మిదో ఏట, నాకొకటి దొరికింది. బూడిదరంగు నూగు, ఒక కాలు కుంటు.

"నీకు మరదలౌతాదే ఇది! మార్గశిరానికి రెక్కలు రావాల, తల్లులతో ఎల్లిపోవాల. నువ్వే సూసుకో" అని నానమ్మ నాకే అప్పజెప్పింది. నేను వదులుతానా? రోజూ మడిగట్ల వెంట బురదలో చేతులు పెట్టి నత్తలు వెతికి, రాయితో గుల్ల కొట్టి, దాని నోట్లో పెట్టేదాన్ని.

ఆ ఏడే నాన్న కొత్తరకం పొట్టి వరి వేశాడు. పురుగు పట్టింది. ఎవరో చెబితే ఎండ్రిన్ డబ్బా తెచ్చి కొట్టాడు. మా ఊళ్లో అదే మొదలు. పురుగు చస్తుందని తెలుసు గానీ, ఇంకేం చస్తాయో ఎవరికి తెలుసు? సాయంత్రం కాళ్లు కడుక్కుంటూ అన్నాడు, "ఒసే, రెండు దినాలు మడికాడికి ఎల్లకు. మందు కొట్టినాను" అని.

విన్నాను. వినలేదని ఇవాళ బుకాయించను.

మర్నాడు పిల్ల ఆకలికి ఒకటే అరుపు. చెరువు నిండుగా ఉంది, దిగితే నాకు లోతు. ఉండబట్టలేక మడికే వెళ్లాను. అక్కడ చూద్దును కదా... నత్తలన్నీ పైకి తేలి ఉన్నాయి! వెతికే పనే లేదు. నా అదృష్టం అనుకున్నాను. గంపెడు ఏరి తెచ్చి, పిల్లకి కడుపునిండా పెట్టాను. ఇంకా బోలెడు మిగిలాయి. బాలింతలు, పాపం, ఎంతని తిరుగుతారు... అత్తలకి సారె పెడుతున్నాననుకుని తోపు పక్కన, చెరువు ఒడ్డు నీళ్లలో కుమ్మరించి వచ్చాను.

సాయంత్రానికి పిల్ల మెడ వాల్చేసింది. కాళ్లు కొట్టుకుంది. నా ఒళ్లోనే పోయింది.

తెల్లారి చూస్తే తోపు కింద కొంగలు... రెక్కలు పరిచి, లేవలేక, ముక్కులు నేలకి ఆనించి. కొన్ని అప్పటికే పోయాయి. పైన గూళ్లలో పిల్లలు నాలుగు రోజులు అరిచాయి. తరవాత ఒక్కొక్కటే కింద పడ్డాయి. ఆ చప్పుడు నాకింకా వినిపిస్తుంది.

నాన్న ఒడ్డున ఉన్న నత్తగుల్లలు చూశాడు. మా గంప చూశాడు. నన్ను చూశాడు. నాలుగు తగిలించినా బాగుండేది.

నానమ్మ మాత్రం గుండెలు బాదుకుంది. ఆ ఏడు కొంగలు దిగిన రోజు ఆమెకి జ్వరం, నీళ్లు పోయలేకపోయింది. "నాను నీల్లు పొయ్యనేదు, పలకరించనేదు... పుట్టింట్లో మర్యాద నేదని ఉసురు తీసుకున్నారు నా తల్లులు!" అని ఏడ్చింది. తన పాత పొందూరు చీర చింపి, ఒక్కొక్కదానికీ గుడ్డ చుట్టి, పసుపు కుంకుమ వేసి గోతిలో పెట్టించింది. నా పిల్లనీ అందులోనే పెట్టాం.

నాన్న పారతో మన్ను లాగుతున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. తప్పెవరిదో మా ఇద్దరికీ తెలుసు. ఊరు ఏమంటుందోనని ఆయన, తంతారని నేను... నోరు విప్పలేదు.

మరుసటి ఏడు కొంగలు రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. నానమ్మ మాత్రం తొలకరి పడగానే చెంబు పట్టుకుని వెళ్లి, ఖాళీ చెట్లకి నీళ్లు పోసి, తలెత్తి చూసి వచ్చేది. మంచాన పడ్డ ఏడు నన్ను పంపింది. తోపు ఖాళీయే. నేను తిరిగి గుమ్మంలో కాలు పెట్టానో లేదో, "ఒచ్చినారేటే?" అంది.

"ఒచ్చినారు నానమ్మా. తోపంతా తెల్లగున్నాది" అన్నాను.

"అయితే కోపం పోనాదన్నమాట" అని అటు తిరిగి పడుకుంది. ఆ వారంలోనే పోయింది. నిజం చెప్పడానికి నాకు అంతకన్నా మంచి సమయం దొరకదని అప్పుడు తెలియలేదు.

ఇప్పుడు ఆ తోపు లేదు. చెరువులో సగం ఇళ్లు లేచాయి. మందు కొట్టని మడి ఒక్కటీ లేదు. నత్త ఎలా ఉంటుందో మా వీధి పిల్లలకి తెలియదు.

మీ ఊరికి నత్తకొంగలు ఇంకా వస్తున్నాయా? వస్తే కింద ఒక్క ముక్క రాయండి... ఈ తొలకరికి చెంబు పట్టుకుని నేనే వస్తాను. మా నానమ్మ పోయేదాకా ఆ తప్పు తనదే అనుకుంది.

నీది కాదు నానమ్మా. నాది.