మునెక్క పట్టుకున్న కాళ్లు

నువ్వులనూనెలో వాము చిటపటలాడి, దించేముందు కర్పూరం పడగానే లేచే ఆ ఘాటు ముక్కుకు తగిలితే చాలు, నాకు ఇప్పటికీ ముందు కోపమే వస్తుంది. ప్రేమ తర్వాత వస్తుంది. ఈ ఉదయం కూడా నూనె కాస్తూ, పక్కన ఎవరూ లేకపోయినా, "నా మాట వినుంటే మనం ఇంకా ఆ పెద్ద రోడ్డు మీదే ఉండేవాళ్లం కదక్కా" అని గొణుక్కున్నాను. మునెక్క పోయి నాలుగేళ్లయింది. ఆమెతో నా తగువు మాత్రం ఇంకా తెగలేదు.

మునెక్క అంటే మునిరత్నమ్మ. సొంత ఊరు వడమాలపేట పక్కన పల్లె. బాలింతలకు, పసిబిడ్డలకు నూనె రాసే పని వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది. కొండకు మెట్లదారిన ఎక్కి, దర్శనం చేసుకుని దిగివచ్చే ఆడవాళ్లు పిక్కలు పట్టేసి గోడలు పట్టుకుని నడవడం చూసి, తిరుపతిలో అలిపిరి నుంచి వచ్చే పెద్ద రోడ్డు మీద ఒక గది అద్దెకు తీసుకుంది. ఆడవాళ్లకు మాత్రమే నూనె మర్దన. ఐదో తరగతితో చదువు ఆపేసిన నేను అప్పుడు నాలుగిళ్లలో అంట్లు తోముతూ ఉండేదాన్ని. ఒకనాడు పంపు దగ్గర నా మణికట్టు పట్టుకుని చూసి, "ఇంత బలముండాది, దీన్నంతా గిన్నెల మీద ఏంటికి పోస్తాండావు? రా నాతో" అంది. అలా వెళ్లినదాన్ని ఆమె పోయేదాకా పక్కనే ఉన్నాను.

నూనె, రెండు చేతులు ఉంటే ఈ వ్యాపారం నడుస్తుందని బయటివాళ్లు అనుకుంటారు. నాకు నవ్వొస్తుంది. ముందు గుడ్డల సంగతి. నూనె పట్టిన దుప్పట్లు ఉతకడానికి ఏ చాకిరేవూ ఒప్పుకోదు, ఏ మిషనూ ఓర్చుకోదు. తర్వాత మనుషులు. పని నేర్పిన పిల్ల ఆరు నెలలకు చేయి తిరిగిందనుకునేలోపు, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు అమ్మాయి ఏం పని చేస్తుందని అడుగుతారు. మర్నాటి నుంచి ఆ పిల్ల రాదు. ఇక వచ్చేవాళ్లు. "మా బస్సు పావుగంటలో పోతాదమ్మా, బిర్రున కానియ్" అనేవాళ్లు. కడుపునిండా పొంగలి తిని తిన్నగా వచ్చి బల్లమీద పడుకునేవాళ్లు. చీర కుచ్చిళ్లు మోకాలు దాటి పైకి జరగనివ్వకుండా, తొడ నొప్పి పోవాలనేవాళ్లు. ఒకామె అయితే, "నాకు నొప్పి ఎడమ కాలే గదా, సగం తీసుకో" అంది.

మునెక్క తల కూడా ఎత్తలేదు. "ఆ కుడికాలు బయట పెట్టి రా, సగమే తీసుకుంటా."

వచ్చినవాళ్లలో సగం మందిని తిప్పి పంపేది కూడా. తిన్న వెంటనే చేయదు. జ్వరముంటే చేయదు. "పోయి రెండు గంటలు కూసుని రా" అంటే, కొండ దిగి ఊరికి పోయేవాళ్లు మళ్లీ వస్తారా? నేను లోపల పళ్లు నూరుకునేదాన్ని.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మాత్రం కాళ్లే. మునెక్కకు అప్పటికే అరవై దాటాయి. నెరిసిన జుట్టు, పెద్ద కుంకుమ బొట్టు. ఆమె వంగి పాదం పట్టుకోబోతే, బల్లమీద ఉన్నామె పాము కనిపించినట్టు కాళ్లు ముడుచుకునేది. "అయ్యో, మా అమ్మంత దానివి, నువ్వు నా కాళ్లు తాకేదా? నాకు పాపం చుట్టుకోదా?" నొప్పి కాళ్లలోనే. వచ్చింది కాళ్ల కోసమే. కానీ పెద్దామె చేత కాళ్లు పట్టించుకోవడానికి ఒప్పుకోరు. ఒక్కొక్కరిని ఒప్పించేసరికి నూనె చల్లారిపోయేది.

చివరికి విసుగెత్తి ఆమె ఒక పద్ధతి పెట్టింది. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. "మొదట నువ్వు నా కాళ్లకు దణ్ణం పెట్టుకో. నేను దీవిస్తా. ఆ పాపం ముందే కొట్టేసుకుందాం. ఆమీద నోరు మూసుకుని పండుకో." అందరూ నవ్వుతూ వంగేవారు. ఆమె నెత్తిన చేయి వేసి, "చల్లగుండు, పద బల్లమీదికి" అనేది. పని సాఫీగా సాగింది. ఆ పద్ధతే తర్వాత మా కొంప ముంచింది.

కానీ అంతకుముందు కొంప ముంచింది నేను. తమిళం వాళ్లకూ కన్నడం వాళ్లకూ అర్థమవుతుందని, మునెక్కకు చదవడం రాదు కాబట్టి అడగకుండానే, 'మసాజ్ సెంటర్' అని పెద్ద అక్షరాలతో, కింద ఫోను నంబరుతో బోర్డు రాయించాను. మూడో రోజు నుంచి ఫోన్లు. అన్నీ మగగొంతులే. మునెక్క ఒకడికి జవాబిచ్చింది. "నాకు అరవై రెండేండ్లు నాయనా, నా చెయ్యి పడితే పిక్క విరుగుతాది. వస్తావా?" వాడు రాలేదు గానీ, ఇంటి ఓనరు చెంగల్రాయుడు వచ్చాడు.

"ఏమక్కా, ఈదిలో తలెత్తుకోలేకపోతాండా. ఆ బోర్డేంది, ఆ ఫోన్లేంది? నెలాఖరుకు గది ఖాళీ చెయ్యండి."

"మీ కోడలు బాలింతగా ఉంటే నూనె రాసింది ఈ చేతులే గదప్పా."

"అది ఇంట్లో. ఇది బజార్లో."

ఆయన వెళ్లాక మునెక్క బోర్డు దించి, తిరగేసి గోడకు ఆనించింది. నావైపు చూసి, "నాలుగక్షరాలొచ్చినాయని నా నెత్తినే రాస్తివి గదమ్మే" అంది. ఆ దారిలో కాకపోతే మా దగ్గరికి ఎవరూ రారని ఇద్దరికీ తెలుసు.

ఆ వారమే నాయుడుపేట వైపు నుంచి ఇరవై మంది ఆడవాళ్లు ఒకే బస్సులో దిగారు. వరుసగా నిలబడి మునెక్క కాళ్లకు మొక్కుతుంటే, వాళ్లలో ఒక అమ్మాయి ఫోనులో తీసింది. మర్దన తీయలేదు. మొక్కడం మాత్రమే తీసింది. కుర్చీలో పెద్ద బొట్టుతో ముసలామె, ముందు వంగుతున్న ఆడవాళ్లు. అది ఎవరెవరి ఫోన్లలో తిరిగిందో, పది రోజుల్లో టెంకాయలతో జనం వచ్చారు. నొప్పి ఉన్నవాళ్లు కాదు. కూతురి పెళ్లి ఎప్పుడవుతుంది, కొడుక్కి ఉద్యోగం ఎప్పుడు వస్తుంది అని అడిగేవాళ్లు.

"నేను సామిని కాదు తల్లీ, కాళ్లు పిసికేదాన్ని" అని మునెక్క నెత్తి కొట్టుకునేది. ఎంత కాదంటే అంత నమ్మేవారు. "సూడు, ఎంత అణకువో" అని ఒకరికొకరు చెప్పుకునేవారు. వాళ్లు కాళ్లు ముట్టుకోనివ్వరు సరికదా, నిజంగా పిక్కలు పట్టేసినవాళ్లు ఆ వరుస చూసి వెనక్కి పోయేవారు.

చెంగల్రాయుడు మాత్రం మారిపోయాడు. దిండు వేసిన మంచి కుర్చీ తెచ్చాడు. "నెలాఖరు మాట మర్చిపో అక్కా. ఎన్నేండ్లైనా ఉండు. అమ్మ అని చిన్న బోర్డు నేనే రాయిస్తా."

"అమ్మా లేదు, బొమ్మా లేదు. ఆ కుర్చీ ఎత్తుకపో."

ఆయన కుర్చీ అక్కడే వదిలి వెళ్లాక నేను ఉండబట్టలేకపోయాను. "ఒక్క రెండు నెలలు కళ్లు మూసుకో అక్కా. గది నిలబడుతుంది. నువ్వేం అబద్ధం చెప్పనక్కర్లేదు, ఊరికే కూర్చో."

"ఊరికే కూసునేది అబద్ధం కాదామ్మే?" అంది. కానీ నా మొహం చూసి, ఆ కుర్చీలో కూర్చుంది. నాకోసం కూర్చుంది. ఆరు రోజులు.

ఏడో రోజు ఒక తల్లి, పాతికేళ్ల కూతురు వచ్చారు. మూడు రోజులుగా బస్సులో కాళ్లు వేలాడేసుకుని ఊళ్లు తిరిగి వచ్చినవాళ్లు. ఆ అమ్మాయి ఎడమ పిక్క కుండలా ఉబ్బి ఉంది. కుడిది మామూలుగానే ఉంది. మునెక్క వంగి, చేతి వెనక భాగం ఆనించి చూసి, వెంటనే తీసేసింది. "కాలుతాండాది. దీన్ని ముట్టుకోకూడదు. పిసికితే పానానికే మోసం. ఇప్పుడే ఆసుపత్రికి పోండి."

"మాకు డాక్టర్లొద్దమ్మా. నీ చెయ్యి తాకింది, అదే చాలు" అని తల్లి చేతులు జోడించింది. వెనక వరుసలో ఉన్నవాళ్లు కూడా, "అమ్మ చెయ్యి పడిందిలే, తగ్గిపోతాది" అన్నారు. వాకిట్లో చెంగల్రాయుడు తల ఊపాడు.

ఎంత చెప్పినా ఆ తల్లి కదల్లేదు. అప్పుడు మునెక్క కుర్చీ దిగింది. దిగి, నేలమీద మోకాళ్లూని, ఆ తల్లి రెండు కాళ్లూ పట్టుకుంది. మర్దనకు పట్టుకున్నట్టు కాదు. బతిమాలుకునేవాళ్లు పట్టుకున్నట్టు, తల ఆనించి.

"అపచారం! లెయ్యమ్మా, లెయ్!" అని ఆ తల్లి కేకపెట్టింది.

"నేను అమ్మోరినైతే నీ కాళ్లు పట్టుకుంటానా? చెప్పు! కూలికి నూనె పూసేదాన్ని. నా చేతిలో మహిమ ల్యా. నీ బిడ్డను తీసకపొయ్యేదాకా ఇడవను."

ఆ తల్లి ఏడుస్తూ సరేనంది. నేనే ఆటోలో వాళ్ల వెంట వెళ్లాను. డాక్టరమ్మ కాలు చూసి, లోపల రక్తం గడ్డకట్టి ఉంటుందని చెప్పి, "దీన్ని ఎవరూ పిసకలేదు కదా?" అని మూడుసార్లు అడిగి, వెంటనే లోపలికి తీసుకువెళ్లింది. ఆ తర్వాత వాళ్ల కబురు మాకు తెలియలేదు. కొన్నేళ్లపాటు మునెక్క ప్రతి బస్సువాళ్లనూ అడుగుతూనే ఉండింది, "ఎడమ కాలు వాచిన పిల్ల ఒకతి, మీ పక్కదేమో" అని. ఊరి పేరు అడగడం ఆ తొందరలో మర్చిపోయాం.

నేను తిరిగి వచ్చేసరికి వాకిట్లో జనం లేరు. నాలుగు టెంకాయలు ఉన్నాయి. చెంగల్రాయుడు కుర్చీ తీసుకుపోయాడు. నెలాఖరు మాట మళ్లీ గుర్తు చేశాడు.

బల్ల, ఇత్తడి గిన్నె, కరెంటు పొయ్యి, నూనె దుప్పట్లు, అన్నీ ఒక ఆటోలో పట్టాయి. రెండు వీధుల వెనక, పిండిమిషను పక్కన ఇరుకు గది. మమ్మల్ని వెతుక్కుంటూ పాతవాళ్లు రావడానికి ఏడాది పైనే పట్టింది. ఆ మొదటి రోజు సామాను సర్దుతూ నేను ఆగకుండా తిట్టాను. ఆమె బల్ల అంచున కూర్చుని మోకాలు నిమురుకుంటోంది. అప్పుడు చూశాను ఆమె పాదాలు. మడమలు ఎండిన చెరువులా పగిలి ఉన్నాయి. అన్ని వందల మంది వేలికొసలతో తాకి కళ్లకు అద్దుకున్న పాదాలు. వాటికి ఒక్కరూ నూనె పెట్టలేదు. పక్కనే ఉన్న నేనూ పెట్టలేదు.

నూనె వెచ్చబెట్టి, నేలమీద కూర్చుని, ఒక పాదం ఒళ్లో పెట్టుకున్నాను. తిట్లన్నీ చేతుల్లోకి దిగినట్టున్నాయి, గట్టిగా రుద్దాను.

"ఇంత మోటుగానా పిసికేది? కస్టమరైతే లేసి పరిగెత్తుతాది" అంది కళ్లు మూసుకునే. "మడమ కాడికొస్తే చెయ్యి తేలిక చెయ్యమ్మే. మనిషి బరువంతా మోసేది అదే."

ఇప్పుడు ఆ ఇరుకు గదిలో బల్ల నాది. నాకూ జుట్టు నెరిసింది. ఈ ఉదయం వచ్చిన పిల్ల కూడా కాళ్లు ముడుచుకుని, "మీరు పెద్దోళ్లు గదమ్మా" అంది. "అయితే ముందు దణ్ణం పెట్టుకో, లెక్క సరిపోతాది" అన్నాను. వంగి లేచాక, చేతిసంచిలోంచి ఒక టెంకాయ కూడా తీసింది. అది వెనక్కి తోసి, బల్ల చూపించాను. నూనె ఒంపుకుని పిక్క నుంచి కిందికి దిగుతూ ఉంటే, ఇంటి అద్దె, ఉతకని దుప్పట్లు, పని మానేసిన పిల్ల, మునెక్క మొండితనం, అన్నీ గుర్తొచ్చి చేతికి బలం ఎక్కింది. మడమ దగ్గరికి వచ్చేసరికి ఆ బలం దానంతట అదే సడలింది.